భాగ్యశ్రీ గీసిన గీతలు

అశోక్ నగర్ మురికినీటి నాలా పక్క బస్తీలో భాగ్యశ్రీ గురించి ఒక మాట తిరిగేది. ఆమె పొద్దంతా మేడ మీద గదిలో కూర్చుని ఆకాశం నుంచి తీసిన బొమ్మలు చూస్తుందట. ఎవరి ఇల్లు నాలా మీదికి జరిగిందో కనిపెట్టి దాని చుట్టూ గీత గీస్తుందట. ఆమె గీత పడిన ఇంటి ముందుకు నెల తిరగకుండా బుల్డోజర్ వచ్చి నిలబడుతుందట.

ఈ మాటకు మొదలు బీరమ్మ. భాగ్యశ్రీ, నేను పనిచేసే ఆఫీసు ఉన్న మేడకు మెట్లు ఊడ్చేది, గదులు తుడిచేది ఆమే. ఒకరోజు పొద్దున భాగ్యశ్రీ అందరికంటే ముందు వచ్చి పని మొదలుపెట్టింది. తడిబట్ట పట్టుకుని వెనక నుంచి వచ్చిన బీరమ్మకు కంప్యూటర్ తెర నిండా ఎరుపు కనిపించింది. ఎరుపు మధ్యలో నల్లటి మడుగులు, వాటి పక్కన చిన్న చిన్న గడులు. ఒక్కో గడి చుట్టూ భాగ్యశ్రీ పసుపు గీత తిప్పుతోంది.

“ఏంది బిడ్డా ఇది, నెత్తురు లెక్కున్నది?”

“ఏం లేదు పెద్దమ్మా. భూములు.”

“ఎవల భూములు?”

భాగ్యశ్రీ గబుక్కున తెర మార్చేసింది. “బయట చెప్పకు పెద్దమ్మా. చెప్తే నా నౌకరి పోతది.”

ఆ ఒక్క ముక్క చాలు బీరమ్మకు. పైగా అదే వారంలో నాలా వెడల్పు కొలవడానికి మనుషులు వచ్చి, కొన్ని గోడల మీద ఎర్ర రంగుతో అంకెలు వేసి పోయారు. సాయంత్రానికి రెండూ ఒకటే కథ అయిపోయాయి.

అప్పటినుంచి నల్లా దగ్గర భాగ్యశ్రీ బిందె పెడితే ముందున్నవాళ్లు పక్కకు జరిగేవారు. ఆమె వద్దన్నా జరిగేవారు. ఒకరోజు గడప ముందు స్టీలు డబ్బా నిండా సకినాలు కనిపించాయి. ఎవరు పెట్టారో తెలియదు. వాళ్లమ్మ కురుమమ్మ మాత్రం ఒకటి కొరికి చూసి, “ఎవలైతేంది, నువ్వులు మంచిగ ఏసిన్రు,” అని డబ్బా లోపల పెట్టేసింది. ఆటో నడిపే కరుణాకర్ ఒకసారి మా ఇద్దరినీ చిక్కడపల్లి మలుపు దగ్గర ఆపాడు.

“అక్కా, నా ఇల్లు రెండు గజాలే నాలా మీదున్నది. గా రెండు గజాలు ఇడిచిపెట్టి గీయరాదు?”

“అన్నా, నేను ఇండ్ల పని చేయ.”

“మరేం పని చేస్తవ్?”

భాగ్యశ్రీ నా చేయి పట్టుకుని ముందుకు నడిచింది.

“గదే మరి. చెప్పవు గద,” అని అతను ఆటో తిప్పుకుని పోయాడు.

ఆమె చేసే పని గోధుమ పంటను లెక్కపెట్టడం. అది చెప్పకూడదని కట్టుబాటు. ఒక జిల్లాలో ఎంత గోధుమ పండబోతుందో కోతకు ముందే ఎవరికైనా తెలిస్తే, వ్యాపారులు ముందే ధర ఆడిస్తారు. అందుకని లెక్క అప్పజెప్పేదాకా ఏ పంట, ఏ జిల్లా అన్నది గది దాటకూడదని మా చేత సంతకం పెట్టించుకున్నారు. సంతకం పెట్టినవాళ్లలో దాన్ని వేదంలా పట్టుకున్నది భాగ్యశ్రీ ఒక్కతే. ఇంట్లో తల్లికి కూడా చెప్పలేదు.

వాళ్లది పాలమూరు దిక్కు, కృష్ణ ఒడ్డున ఊరు. తండ్రి తిమ్మయ్య, తల్లి కురుమమ్మ స్లాబు పనులకు పట్నం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. భాగ్యశ్రీ నారాయణగూడలో డిగ్రీ చదివింది. తర్వాత చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని సర్కారు పరీక్షలకు చదివింది. చాలా ఏళ్లు చదివింది. ప్రతిసారీ కొద్దిలో పోయేది. ఒకనాడు లైబ్రరీ నుంచి నడిచి వస్తుంటే, కోచింగ్ సెంటర్ల కాగితాల మధ్య గోడ మీద ఒక చిన్న కాగితం కనిపించిందట. కంప్యూటర్ మీద పొలాలు గుర్తుపట్టే పని, నేర్పించబడును అని ఉంది. వయసు అడగలేదు, పరీక్ష అనలేదు. ఇంకెవరూ చూడకూడదని ఆ కాగితం చింపుకుని జేబులో పెట్టుకున్నానని తర్వాత నాకు చెప్పింది.

ఆఫీసు అశోక్ నగర్‌లో జిరాక్స్ దుకాణం పైన. దాని పైన ఆడపిల్లల హాస్టల్. నడిపేది శ్రీపతి గారు. ఆయనది బర్కత్‌పుర. వ్యవసాయ గణాంకాల శాఖలో పనిచేసి రిటైర్ అయ్యారు. ఇంట్లో కూర్చోలేక ఈ పని మొదలుపెట్టారు. ఎనిమిది మంది ఆడపిల్లలం. నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఆపేసినదాన్ని. నన్ను భాగ్యశ్రీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు. అందువల్ల ఆమె పని చేసే తీరు నాకు తెలుసు.

శ్రీపతి గారు మొదటి రోజే చెప్పారు. “ప్రశ్నలు రెండే. ఎంత మేర ఏసిన్రు? ఎకరానికి ఎంత పండుతది? మొదటిది తప్పైతే రెండోది ఎంత మంచిగ చెప్పినా గంగలనే.”

ఉపగ్రహం కొన్ని రోజులకొకసారి అదే జిల్లా మీదుగా పోతూ చిత్రం తీస్తుంది. మేం చూసే చిత్రాల్లో పచ్చటి పైరు ఎర్రగా కనిపించేలా రంగులు మార్చి ఉంటాయి. ఎంత ఒత్తుగా ఉంటే అంత ఎరుపు. నీళ్లు నల్లగా ఉంటాయి. ఒక పొలాన్ని నవంబరు నుంచి మార్చి దాకా వరసగా చూస్తే, అది ఎప్పుడు మట్టిగా ఉందో, ఎప్పుడు మొలకెత్తిందో, ఎప్పుడు పండి రంగు పోయిందో తెలుస్తుంది. ఒక్కో పంటకు ఒక్కో నడక. మేం కొన్ని వందల పొలాలకు గీత గీసి ఇది గోధుమ, ఇది శనగ, ఇది వరి అని పేరు పెడతాం. వాటిని చూసి కంప్యూటర్ మిగతా జిల్లా అంతటికీ పేర్లు పెట్టుకుంటుంది. మేం నేర్పింది తప్పైతే అది కూడా అదే తప్పు వేల ఎకరాల మీద చేస్తుంది.

మా ఎనిమిది మందిలో ఎవరమూ నిలబడి ఉన్న గోధుమ చేను చూడలేదు. పిండి చూశాం, రాత్రి పూట రొట్టెలు చూశాం. అయినా గీసే ప్రతి గీతకు భాగ్యశ్రీనే అడిగేవాళ్లం. ఆమె చూపు అందరికంటే నిదానం. ఒక పొలం దగ్గర ఆగితే తెర మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, నెల నెలా చదివేది.

ఆ జిల్లా మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున ఉంది. ధాన్యం గోదాములు నడిపే ఒక సంస్థ మాకు ఆ ఒక్క సీజను పని ఇచ్చింది, చూద్దామని. వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి తెచ్చే లెక్కకు మా లెక్క దగ్గరగా ఉంటే వచ్చే ఏడాది పని ఉంటుంది. లేకపోతే లేదు. శ్రీపతి గారి దగ్గర వేరే పనేదీ లేదు. ఆఫీసు తాళం వేస్తే మిగతావాళ్లం ఏదో ఒకటి వెతుక్కుంటాం. భాగ్యశ్రీ సంగతి వేరు. ఆ ఏడాది వచ్చిన పరీక్షకు ఆమె దరఖాస్తు కూడా పెట్టలేదు. “ఇదే నా నౌకరి, ఇంక పరీక్షలు రాయ,” అని ఇంట్లో చెప్పేసింది. పుస్తకాలు లైబ్రరీ దగ్గర ఎవరికో ఇచ్చేసింది.

జిల్లా తూర్పు భాగంలో, నదికి దగ్గర్లో, వందల కొద్దీ పెద్ద పొలాలు వేరుగా కనిపించేవి. వానాకాలంలో మబ్బుల వల్ల మామూలు చిత్రాలు పనికిరావు. మబ్బుల్ని దాటి చూసే రాడార్ చిత్రాలు వేరే వస్తాయి. వాటిలో ఆ పొలాలు జూలై నుంచి నల్లగా ఉన్నాయి. అంటే నీళ్లు నిలిచి ఉన్నాయి. చలికాలం వచ్చేసరికి అవే పొలాలు ఎర్రబడ్డాయి.

“ఇదేం పంట అక్కా?” అని మా రాగిణి అడిగింది.

భాగ్యశ్రీ పెద్దగా ఆలోచించలేదు. “వానకాలంల నల్లగున్నది, యాసంగిల ఎర్రగైంది. వరి గద. రెండు పంటలు, మన దిక్కు లెక్కనే.”

“గోధుమ కాదా?”

“నీళ్లు కట్టిన మడిల గోధుమ ఎవలేస్తరే?”

అందరం నవ్వాం. శ్రీపతి గారిని అడిగితే ఆయనా తల ఊపారు. “నా సర్వీసంత చూసిన. మడిల నీళ్లు కట్టి పెట్టేది వరికే,” అన్నారు. యాసంగి వరికి నాట్లు పడే వేళకంటే ఈ ఎరుపు తొందరగా వచ్చింది. దాన్ని కూడా భాగ్యశ్రీ చూసింది. “ఆడ చలి ఎక్కువ, ముందుగాల నాటేస్తరేమో,” అని తనే సమాధానం చెప్పుకుంది. ఆ రోజు నుంచి తూర్పు భాగంలో అలాంటి పొలాలన్నీ మేం వరి అని గీసుకుంటూ పోయాం.

ఫిబ్రవరిలో మొదటి లెక్క పంపాం. అవతలి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. తూర్పు తాలూకాల్లో గోధుమ నిరుటికంటే బాగా తగ్గినట్టు చూపారు, నిజమేనా అని. శ్రీపతి గారు చిత్రాలన్నీ మళ్లీ తిప్పి చూసి, నిజమే, రైతులు వరికి మళ్లారు అని జవాబు రాశారు. ఇక మిగిలింది దిగుబడి. దానికి కోత ముందు అక్కడికి పోయి, కొన్ని పొలాల్లో కొంత చేను కోసి తూచాలి. పంట కోత ప్రయోగం అంటారు. శ్రీపతి గారికి అప్పుడే కంటి ఆపరేషన్ అయింది. భాగ్యశ్రీని పొమ్మన్నారు, తోడుగా నన్ను.

కురుమమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడిక పంట పేరు దాచి లాభం లేక భాగ్యశ్రీ చెప్పింది.

“గోధుమలు చూడనీకి గంత దూరమెందుకే? సుల్తాన్ బజార్ల దొరకవా?”

“చేను చూడాలమ్మా.”

“ఆకాశం నుంచి చూస్తివి గద. మల్ల కింద నుంచేంది చూసుడు?”

“ఎంత పండిందో తూచాలె.”

“తూచనీకి ఆడ మనుషులు లేరా? ఇంకో ముచ్చట చెప్పు.” అంటూనే ఆమె సుల్తాన్ బజార్ పోయి మా ఇద్దరికీ ఒకే రంగు స్వెటర్లు తెచ్చింది. మార్చి అయినా అక్కడ తెల్లారగట్ల చలి ఉంటుందని ఎవరో చెప్పారట. ఎవరినడిగిందో, పంట పేరు వాళ్లకు చెప్పిందో లేదో, భాగ్యశ్రీ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడి ఉంటుంది.

మేం రైలు దిగి, జీపు మాట్లాడుకుని, మొదట పడమటి ఊళ్లకు పోయాం. గోధుమ చేను నేను అనుకున్నంత ఎత్తు లేదు. నడుము దాకా ఉంది. వెన్నుల మీద మీసాలు మోచేతులకు గుచ్చుకున్నాయి. గాలి వీస్తే చేనంతా ఎండుటాకుల చప్పుడు చేస్తుంది. భాగ్యశ్రీ మొదటి చేను గట్టు మీద చాలాసేపు నిలబడింది. తర్వాత ఫోను తీసి తన ఇంటికి ఫొటో పంపింది. అటు నుంచి కురుమమ్మ, “గడ్డి లెక్కున్నది,” అని గొంతు రికార్డు చేసి పంపింది.

పడమర అంతా మేం గీసినట్టే ఉంది. గోధుమ అన్నచోట గోధుమ, శనగ అన్నచోట శనగ. భాగ్యశ్రీ జీపులో కూర్చుని చిన్నగా పాడింది కూడా. ఆమె పాడటం నేను అంతకుముందు వినలేదు.

మర్నాడు తూర్పుకు పోయాం. దిగుబడి తూచడానికి అక్కడ గోధుమ పొలాలు కొన్నే మా లెక్కలో ఉన్నాయి. వాటిలో ఒకదానికి దారి పట్టాం. దారికి రెండు పక్కలా మా లెక్క ప్రకారం వరి ఉండాలి. రెండు పక్కలా గోధుమే ఉంది. కనుచూపు మేర పండి, తేనె రంగు తిరిగి ఉంది.

భాగ్యశ్రీ జీపు ఆపించింది. ఫోనులో మ్యాపు చూసింది. దిగి రెండు అడుగులు వేసి మళ్లీ చూసింది.

“మనం తప్పు జాగకు వచ్చినమా చెల్లె?”

నేను చూశాను. నీలం చుక్క సరిగ్గా మేం నిలబడ్డ చోటే వెలుగుతోంది. “ఇదే అక్కా,” అన్నాను.

చేనులో ఒకామె గట్టు మీద కూర్చుని రొట్టె తింటోంది. పేరు సుమంత్రాబాయి, ఆ పొలం వాళ్లదే. మా హైదరాబాద్ హిందీ విని ఆమెకు నవ్వాగలేదు. ఆమె రొట్టె ఇవ్వబోతే భాగ్యశ్రీ వద్దంటూ “నక్కో” అన్నప్పుడు, ఆ మాట మళ్లీ అనమని అడిగింది. ఇద్దరూ కాసేపు అలా నవ్వుకున్నాక భాగ్యశ్రీ అడిగింది.

“ఇక్కడ వరి ఎక్కడుంది?”

“వరా? చలికాలంలోనా? నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఈ గట్టున వరి చూడలేదు.”

“మరి వానాకాలంలో ఈ పొలం నిండా నీళ్లున్నాయి కదా?”

“ఉంటాయి. మేమే కడతాం.” ఆమె చేత్తో గట్టు ఎత్తు చూపించింది. నడుమెత్తు మట్టి గట్టు, పొలం చుట్టూ. “వానలప్పుడు ఏమీ వేయం. నీళ్లు అలాగే నిలబెడతాం. గడ్డి కుళ్లిపోతుంది, నల్లమట్టి కడుపు నిండా తాగుతుంది. దసరా పోయాక పై పొలం వాళ్లు వదిలితే మాకొస్తాయి, మేం వదిలితే కింది వాళ్లకు పోతాయి. నీళ్లు పోయి, నేల ఆరీ ఆరకముందే గోధుమ చల్లుతాం. కొందరు శనగ. మా అమ్మగారింట కూడా ఇంతే.”

“నీళ్లు కట్టి ఏమీ వేయరా?”

“కట్టకపోతే గోధుమ ఏం తాగి బతకాలి?” అని సుమంత్రాబాయి మిగిలిన రొట్టె ముక్క ఆమె చేతిలో పెట్టింది.

భాగ్యశ్రీ ఆ ముక్క తినలేదు, పారేయలేదు. చేతిలోనే పట్టుకుని గట్టు వెంట నడిచింది. నేను వెనక నడిచాను. చాలా దూరం పోయాక ఆగింది.

“మా అమ్మ ఒక ముచ్చట చెప్తుండె,” అంది. “మా ఊరి భూములు డ్యాం నీళ్లల్ల మునిగినయి గద. ఎండకాలం మొదలు నీళ్లు ఎనకకు పోతుంటే, పోయినకాడికి పోయినకాడికి బురదల జొన్న చల్లుతరట. వాన లేదు, బాయి లేదు, పండుతదట. చిన్నప్పటి సంది ఇన్న. నీళ్లు కనపడంగనే వరి అన్న.”

“సార్ కూడ వరే అన్నరు గద అక్కా.”

“సార్ నేనన్నదానికి తలూపిండు. మీ అందరికి నేర్పింది నేను.”

ఆ రోజు కోత మాత్రం ఆగలేదు, సుమంత్రాబాయి చేనులోనే పెట్టుకున్నాం. కొలత తాడు పరిచి, నాలుగు మూలలా మేకులు కొట్టి, ఆ గడిలో చేను కోయాలి. చోటు మనకు నచ్చింది ఎంచకూడదు, పట్టికలో వచ్చిన అంకెను బట్టి అడుగులు వేసి పెట్టాలి. సుమంత్రాబాయికి ఆ చోటు నచ్చలేదు. అక్కడ చేను పలచగా ఉంది. “అటు చూడండి, ఎంత బాగుందో. అటు కోయండి, మా పరువు పోతుంది,” అంది. భాగ్యశ్రీ వద్దంది. ఆమె మొహం ముడుచుకుంది. చివరికి కొడవలి తెచ్చి తనే కోసింది, ఇద్దరు పరాయి ఆడపిల్లలు తన చేను పాడుచేస్తారేమోనని. నూర్చి, తూర్పారబట్టి, తూచాం. పలచటి చోటే అయినా మేం అనుకున్నదానికంటే ఎక్కువే తూగింది. సుమంత్రాబాయి తక్కెడ వైపు రెండుసార్లు చూసింది.

సాయంత్రం లాడ్జి గదిలో భాగ్యశ్రీ లాప్‌టాప్ తెరిచింది. అక్టోబరు చిత్రాలు తీసింది. సుమంత్రాబాయి చెప్పిన పొలం వెతికింది. జూలై నుంచి నల్లగా ఉంది. అక్టోబరు చివర నలుపు పోయి మట్టి తేలింది. డిసెంబరులో ఆ మట్టి నుంచే ఎరుపెక్కింది. యాసంగి వరి అయితే నాట్ల వేళకు మళ్లీ నలుపు కనపడాలి. ఏ పొలంలోనూ మళ్లీ నలుపు లేదు. అన్నీ మా కళ్ల ముందే ఉన్నాయి, మూడు నెలలుగా.

ఆమె ఫోను తీసి పక్కన పెట్టింది. మళ్లీ తీసింది. చెబితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. తగ్గిందన్న మాట శ్రీపతి గారు రాసి ఇచ్చేశారు. చివరి లెక్కకు గడువు నెలాఖరు. ముందు ఒక మాట, వెనక ఒక మాట చెప్పినవాళ్లకు వచ్చే ఏడు పని ఎవరిస్తారు? చెప్పకపోతే, వాళ్ల మనుషులు తెచ్చే లెక్క వచ్చేదాకా ఆఫీసు ఉంటుంది. అంతవరకే.

శ్రీపతి గారికి చేసి, నాకూ వినపడేలా ఫోను స్పీకరులో పెట్టింది.

“సార్, తూర్పు దిక్కు వరి లేదు. అంత గోధుమ, కొంచెం శనగ.”

“కొన్ని పొలాలా?”

“అన్ని, సార్. వానకాలం ఒట్టిగనే నీళ్లు కట్టి పెడతరు. నేనే తప్పు చెప్పిన.”

“నేను వాళ్లకు రాసిచ్చిన భాగ్యా. వరికి మళ్లిన్రని. పెన్నుతోని సంతకం పెట్టి.”

“తెలుసు సార్.”

“ఇప్పుడేమంటరు? కండ్లు కనపడని ముసలాయన, కాయితం మీద వరి నాటిండు అంటరు.” మళ్లీ అడిగారు. “నీళ్లు కట్టి, ఏం వెయ్యరా?”

“ఏం వెయ్యరు.”

“పరేషాన్ చేసినవ్. నేను గూడ ఆ చిత్రాలు రెండుసార్లు తిప్పిన. నాకు గూడ వరే కనపడ్డది.” ఆయన గొంతు తగ్గింది. “సరే. ఇంక తిరగాలంటే ఎన్నొద్దులు పడతది?”

“గోధుమ ఏదో శనగ ఏదో తెల్వాలంటే ఊరూరు తిరగాలె సార్. కోతలు మొదలైతే ఇంక తెల్వదు. మీరు రాగిణి వాళ్లను కూచోపెట్టున్రి. అక్టోబరుల నలుపు పోయినయన్ని పక్కకు తియ్యమనున్రి. నేనీడ నుంచి పేర్లు పంపుత.”

“వాళ్లకేం రాయాలె?”

“తప్పు చేసినమని రాయున్రి. ఎట్ల చేసినమో గూడ రాయున్రి. నా పేరు రాసినా సరే.”

“నీ పేరెందుకు? తల ఊపింది నేను,” అని ఆయన ఫోను పెట్టేశారు.

తర్వాతి రోజుల్లో మేం తూర్పు ఊళ్లన్నీ తిరిగాం. ఒక ఊళ్లో మమ్మల్ని బీమా వాళ్లనుకున్నారు, ఒక ఊళ్లో గర్భిణుల పేర్లు రాసుకునేవాళ్లనుకుని ఇద్దరు ముగ్గురు పేర్లు చెప్పారు. కొన్ని చోట్ల కోత యంత్రాలు మాకంటే ముందే పోయాయి. అక్కడ మొదళ్లు చూసి చెప్పాల్సి వచ్చింది. గోధుమ మొదళ్లు, శనగ మొదళ్లు భాగ్యశ్రీ చేత్తో పీకి చూసేది. ఎండకు ఆమె మొహం నల్లబడింది. స్వెటర్లు సంచిలోంచి ఒక్కసారీ బయటికి తీయలేదు. అశోక్ నగర్‌లో రాగిణి వాళ్లు తలుపులు మూసుకుని గీసిన గీతలన్నీ చెరిపి మళ్లీ గీశారు. గొడవలు కూడా అయ్యాయట. “మా తప్పు కాకున్నా మేమెందుకు గీయాలె?” అని ఒకామె పని మానేసి, రెండు రోజులకు మళ్లీ వచ్చింది.

నెలాఖరుకు లెక్క పోయింది. తూర్పు భాగంలో గోధుమ తగ్గలేదు, నిరుటంత ఉంది అని. దానితోపాటు ముందు ఎలా పొరబడ్డామో శ్రీపతి గారు ఒక పేజీ రాసి పెట్టారు. మా దిక్కున నీళ్లు నిలిచిన పొలమంటే వరి పొలమే, ఆ అలవాటుతో చూశాం అని అందులో ఉంది.

ఏప్రిల్ అంతా జవాబు లేదు. గది ఖాళీ చేయాల్సి రావచ్చని శ్రీపతి గారు యజమానితో చెప్పి వచ్చారు. భాగ్యశ్రీ ఒకరోజు లైబ్రరీ వైపు నడిచింది. పుస్తకాలు ఇచ్చిన అమ్మాయి కనిపించిందట. వాటిని తిరిగి అడగబోయి, ఊరికే పలకరించి వచ్చేసింది.

మే నెలలో ఫోను వచ్చింది. మా లెక్క వాళ్ల మనుషులు తెచ్చిన లెక్కకు దగ్గరగా ఉంది. పూర్తిగా కలవలేదు, శనగ మేము కొంచెం ఎక్కువ చూపాం. వచ్చే సీజనుకు ఆ జిల్లాతోపాటు పక్క జిల్లా కూడా ఇస్తున్నారు. అక్కడ కూడా నీళ్లు కట్టే పొలాలు చాలా ఉన్నాయి, మీవాళ్లు ఇప్పుడు వాటిని గుర్తుపడతారు కదా అన్నారు. శ్రీపతి గారు ఫోను పెట్టేసి, నల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “అందరు చాయ్ తాగున్రి,” అన్నారు. భాగ్యశ్రీ చాయ్ తాగకుండానే కిందికి దిగి, మెట్ల దగ్గర నిలబడి వాళ్లమ్మకు ఫోను చేసింది.

రెండు జిల్లాల పనికి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు కావాలి. ఈసారి గోడ మీద కాగితం అంటించకముందే బీరమ్మ వచ్చింది, చీపురు లేకుండా, కోడలిని వెంటబెట్టుకుని.

“మా పిల్ల పది పాసైంది. గీతలు గీయనీకి అస్తది,” అంది. “కని ముందుగాల నా ఇంటి మీదున్న గీత తియ్యి.”

“నీ ఇంటి మీద గీత లేదు పెద్దమ్మా.”

“అట్లైతే చూపియ్యి.”

లెక్క అప్పజెప్పాం కాబట్టి దాచేది ఏమీ లేదు. భాగ్యశ్రీ ఆమెకు కుర్చీ వేసి, అదే ఉపగ్రహం తీసిన హైదరాబాద్ చిత్రం తెరిచింది.

“గీ నల్లగున్నదేంది?”

“హుసేన్ సాగర్.”

“గా ఎర్రగ?”

“ఇందిరా పార్కు. చెట్లు.”

బీరమ్మ ముందుకు వంగింది. కోడలు ఆమె భుజం మీదుగా చూసింది. “మన బస్తీ ఏది? నా ఇల్లేది?”

భాగ్యశ్రీ చిత్రాన్ని పెద్దది చేసింది. పెద్దది చేసేకొద్దీ బస్తీ కొన్ని బూడిద రంగు గడులుగా విడిపోయింది. ఆమె ఒక గడి మీద వేలు పెట్టింది. ఆ చిత్రాల్లో ఒక్కో గడి నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు. బీరమ్మ ఇంటి వెడల్పు నాలుగు మీటర్లు. అది, దాని పక్క ఇల్లు, మధ్యలో సందు, అన్నీ కలిసి ఆ ఒక్క గడిలోనే ఉన్నాయి.